విద్యుత్పరికర నిర్మాణము: మన యువజనుల కొక వినోదవిద్య
(ఉప్మాక గ్రామమున జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చదివిన యుపన్యాసము)



గరుడాద్రి పాదమున నెలకొన్న యీ గ్రామమునందు మన మందరమును గూడిన యీ శుభసమయమున, యువజనుల చేతిపనిని గూర్చి కొన్ని మాటలు విన్నవింపుమని కార్యనిర్వాహకులు మమ్ము గోరిరి. ఇట్టి సభలలో మన పూర్వుల శిల్పనైపుణ్యమును కీర్తించుట యాచారమై యున్నది. అది తగినదే. కాని పూర్వుల కీర్తి మన చేతులకు పని నేర్పజాలదు. కావున నేటి బాలబాలికలు స్వల్పవ్యయముతో, ఇంటియందే, అవకాశము గల సమయమున నభ్యసింపదగిన యొక విద్యను గూర్చి మాత్రమే మేము ప్రసంగింప దలచితిమి. ఆ విద్య ఎలక్ట్రానిక్సు పరికరములను విప్పి చూచుట, బాగుచేయుట, చిన్నవానిని స్వయముగా కూర్చుట. దాని నెట్లారంభింపవలెనో, అందలి యపాయము లెట్టివో, మన సంఘము చేయదగిన దేమో క్రమముగా మనవి చేసెదము.

మొదట మన యిండ్ల స్థితి నొకమారు పరికింపుడు. చేతిఫోను లేని గృహము లేదు. ఎల్.ఈ.డి. దీపములు, టెలివిజను, మిక్సీ, ఇన్వర్టరు పెక్కిండ్ల గలవు. వీనిలో నొక్కటి చెడినచో మన మేమి చేయుచున్నాము? క్రొత్తది కొని, పాతదానిని అటక మీద వేయుచున్నాము. లేదా పాతసామానుల వానికి తూకమున కిచ్చుచున్నాము. ఒకప్పుడు ఊరివారి తాళము చెడినను, బిందె చిల్లిపడినను, బండి యిరుసు విరిగినను మన వాకిటికి వచ్చెడివి. కమ్మరము, వడ్రంగము, కంచరపు పని, శిల్పము, స్వర్ణకారము అను నైదు వృత్తులతో నూరి వస్తువుల నన్నిటిని విప్పి కూర్చిన వారి యిండ్లలో నేడు నాలుగు మరలతో బిగించిన పెట్టె మూత నైనను విప్పువారు లేకుండుట శోచనీయము.

ఇందులకు తండ్రులను నిందించుట న్యాయము కాదు. కొలిమి యొద్ద నొడలు కాల్చుకొనిన తండ్రి "ఈ కష్టము నా కొడుకునకు వలదు" అని దాగలిని, సమ్మెటను అమ్మి వానిని చదివించెను. ఆ తండ్రి చేసినది త్యాగము. కాని కష్టముతో పాటు మరియొకటి కూడ మన యిండ్లనుండి తొలగిపోయినది. అది వస్తువును చేతబట్టి, ఇది యెట్లు పనిచేయుచున్నదని ప్రశ్నించు బుద్ధి. కష్టమును మరల తేనక్కరలేదు. ఆ బుద్ధిని మాత్రము తెచ్చుకొనవలెను. మేము చెప్పదలచిన సారాంశ మింతియే.

విద్యుచ్ఛాస్త్రము మన చేతిపనికి సంబంధము లేనిదని తలచువారి కొక విషయము జ్ఞాపకము చేయుచున్నాము. విద్యుత్ప్రవాహమునకు మూలసూత్రమును 1827లో ప్రకటించిన జార్జి సైమన్ ఓమ్ అను జర్మను పండితుడు తాళములు చేయు పనివాని కుమారుడు. ఆయన పాఠశాలలో నుపాధ్యాయుడై యుండి, తన ప్రయోగములకు వలయు పరికరములను తానే చేసికొనెను. 1831లో అయస్కాంతము వలన విద్యుత్తు పుట్టించు మార్గమును కనుగొనిన మైకేల్ ఫారడే యింగ్లండులోని యొక కమ్మరి కొడుకు. ఆయనకు పాఠశాల చదువు స్వల్పము. పుస్తకములకు అట్టలు కట్టు దుకాణమున పని నేర్చుకొనుచు, కట్టుటకు వచ్చిన గ్రంథములనే చదివి శాస్త్రవేత్త యయ్యెను. ఈ యిరువురును చేతిపనిని విడిచి శాస్త్రమునకు పోయినవారు కారు. చేతిపనికి కొలతను జోడించిన వారు.

మన దేశమున కూడ నిట్టి యుదాహరణములు లేకపోలేదు. ఈ విశాఖపట్టణ ప్రాంతము చెన్నరాజధానిలో నున్న దినములలో, 1924 మే మాసమున, సి. వి. కృష్ణస్వామి శెట్టి అను నింజనీరు చెన్నపట్టణమున నొక రేడియో క్లబ్బును స్థాపించెను. ప్రభుత్వ రేడియో యింకను పుట్టలేదు. ఆ క్లబ్బు అదే సంవత్సరము జూలై 31వ తేదీన ప్రసారముల నారంభించెను. ధనము చాలక 1927లో ఆ ప్రసారములు నిలిచిపోయెను. కాని వారి ప్రసారయంత్రమును పుచ్చుకొని చెన్నపట్టణపు కార్పొరేషను 1930లో ప్రసారములు సాగించెను. కొందరు వినోదార్థ మారంభించినది నగరమునకు ప్రజాసేవ యయ్యెను.

ఇక మన తెలుగువారిలో, పశ్చిమగోదావరి ప్రాంతపు మోగల్లు గ్రామమున 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావుగారి పేరు చెప్పక తప్పదు. 1956లో పనిచేయ నారంభించిన అప్సర యను అణు రియాక్టరునకు నియంత్రణ పరికరముల నిర్మాణమున ఆయన ప్రముఖపాత్ర వహించిరి. 1967లో హైదరాబాదున స్థాపితమైన ఎలక్ట్రానిక్సు కార్పొరేషన్ ఆఫ్ ఇండియాకు ఆద్యులు ఆయనయే. ఆ సంస్థ 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును, 1979లో ఎలక్ట్రానిక్ ఓటు యంత్రపు మాతృకను తయారుచేసినది. నేడు మనము మీట నొక్కి ఓటు వేయుచున్నాము. ఆ మీట వెనుక నున్న పనిలో మన తెలుగు గడ్డకు గల పాలు మన పిల్లలకు తెలియవలెను.

ఇక నారంభించు విధానమును చెప్పెదము. ఇందులకు పెద్ద చదువక్కరలేదు. ఎనిమిదవ తరగతి గణితము చాలును. వలయు వస్తువు లివి: 9 వోల్టుల బ్యాటరీ యొకటి; మల్టీమీటరు అను కొలత పరికర మొకటి; టంకము లేకయే తీగలను గ్రుచ్చుటకు చిల్లులు గల బ్రెడ్ బోర్డు అను పలక యొకటి; కొన్ని రెసిస్టర్లు, కండెన్సర్లు, ట్రాన్సిస్టర్లు, చిన్న ఎల్.ఈ.డి. దీపములు, 25 వాట్ల టంకపు కడ్డీ యొకటి, పట్టకారు, శ్రావణము, మరలు త్రిప్పునది. చివరి మూడును మన యిండ్లలో నింకను దొరకును. తక్కినవి సుమారు వేయి, పదునైదు వందల రూపాయలలో లభించును. హైదరాబాదు కోఠీలోని గుజరాతీ గల్లీయందును, చెన్నపట్టణపు రిచీ వీధియందును ఇవి విస్తారముగా నమ్ముదురు. టపాలో తెప్పించుకొనుటయు సులభమే. చెడిపోయిన రేడియో, చార్జరు మొదలగు వానినుండి పనికివచ్చు భాగములను విడదీసికొనుట మరియొక మార్గము. అందు ధనవ్యయము లేదు, అభ్యాసము మెండు.

మొదటి పాఠము దీపము వెలిగించుట. ఎర్రని చిన్న ఎల్.ఈ.డి. దీపమునకు 2 వోల్టులు చాలును. మన బ్యాటరీ 9 వోల్టులు. దానిని నేరుగ తగిలించినచో దీపము మాడిపోవును. కావున నడుమ నొక రెసిస్టరు నుంచవలెను. కాలువనీటికి తూము వలె అది ప్రవాహమును మితపరచును. ఎంతటి రెసిస్టరు? ఇచ్చట ఓమ్ సూత్రము వచ్చును. మిగిలిన 7 వోల్టులను, మనకు వలయు 15 మిల్లీ ఆంపియర్లచే భాగించినచో సుమారు 467 ఓములు. బజారులో దానికి సమీపమున లభించునది 470 ఓములది. దాని మీది చారలు పసుపు, ఊదా, గోధుమ రంగులలో నుండును. పసుపు 4, ఊదా 7, గోధుమ యనగా నొక సున్న చేర్చుమని యర్థము. దీపపు రెండు కాళ్లలో పొడవైనది ధనధ్రువమునకు తగిలింపవలెను. దీపము వెలిగినంతట పాఠము ముగియలేదు. మల్టీమీటరుతో రెసిస్టరు రెండు కొనల నడుమ వోల్టులు కొలిచి, లెక్కతో సరిపోయినదో లేదో చూడవలెను. ఆ సరిపోలిక చూచిన బాలునకు గణితము మీద కలుగు విశ్వాసము మార్కులవలన కలుగదు.

ఇందే మన పూర్వుల పనికిని దీనికిని గల భేదము కనబడును. ఇనుము ఎర్రబడినదో, తెల్లబడినదో కమ్మరి కంటితో గ్రహించును. బంగారము కరగినదో లేదో స్వర్ణకారుడు మూసలోనికి చూచి చెప్పును. విద్యుత్తు కంటికి కనబడదు. తెగిన తీగయు, తెగని తీగయు చూపునకు నొక్కటే. ఇచ్చట మల్టీమీటరే కన్ను. పాతనైపుణ్యము చేతియందు గలదు గదా యని కొలతను నిర్లక్ష్యము చేయువారు ఈ విద్యలో ముందునకు పోజాలరు. చేయి మన పెద్దలది. కొలత మనము నేర్చుకొనవలసినది.

రెండవ పాఠము టంకము. ఈ పనిలో మన పిల్లలకు ఇంటనే గురువులు గలరు. ఎలక్ట్రానిక్సు పనిలో వాడు తగరము-సీసముల టంకము సుమారు 190 డిగ్రీలకే కరగును. బంగారు పనిలోని టంకమున కింతకంటె చాల యెక్కువ వేడి వలయును. కాని ధర్మ మొక్కటే. ముందుగా అతుకవలసిన చోటు శుభ్రముగా నుండవలెను. ఆ చోటు వేడెక్కిన పిదప టంకము తానై ప్రవహింపవలెను. కడ్డీ మీద కరగించి పూసినది నిలువదు. స్వర్ణకారుడు వెలిగారము వాడు చోట నిచ్చట రోజను వాడుదురు. ఈ మాట ముసలి స్వర్ణకారునకు చెప్పినచో నవ్వి, "ఇది మాకు తెలియనిదా?" యనును. ఆయనను మనుమని ప్రక్కన కూర్చుండబెట్టుడు. ఇరువురును లాభపడుదురు. సీసము విషపదార్థము గనుక పని ముగియగనే చేతులు కడుగుకొనవలెను. పని చేయు బల్ల మీద తినుబండారముల నుంచరాదు. పొగ పోవుటకు కిటికీ తెరచి యుంచవలెను.

పిదప క్రమముగా చేయదగినవి పెక్కు గలవు. 1972లో బజారునకు వచ్చిన 555 అను ఎనిమిది కాళ్ల చిన్న మైక్రోచిప్పుతో, రెండు రెసిస్టర్లు, ఒక కండెన్సరు చేర్చి, సెకనున కొకసారి మినుకుమను దీపమును చేయవచ్చును. ఒకటి రెండు ట్రాన్సిస్టర్లతో మేడ మీది నీటితొట్టి నిండగనే మ్రోగు గంటను చేయవచ్చును. తొట్టిలో రెండు తీగలు వ్రేలాడును, నీరు వానిని తాకగనే స్వల్పప్రవాహము సాగి గంట మ్రోగును. ఇట్టిది ఇంట నొకటి యున్నచో పొరలిపోవు నీరు మిగులును. పిల్లవానిని చూచి తల్లి సంతసించును. దానికి మించిన బహుమాన మేమి కలదు? ఈ గంటను సహితము బ్యాటరీతోనే నడపవలెను. నీటి మోటారు తీగల జోలికి పోరాదు.

అటుపిమ్మట ఆర్డుయినో అను పలక. 2005లో ఇటలీ దేశపు ఇవ్రేయా పట్టణమున విద్యార్థుల కొరకు రూపొందించిన యీ పలకకు మనము వ్రాసిన సూచనల ననుసరించి దీపములను, మోటార్లను, కొలత పరికరములను నడపు శక్తి గలదు. మన ప్రాంతమునకే తగిన యొక యుదాహరణము చెప్పెదము. అనకాపల్లి బెల్లము దేశప్రసిద్ధము. చెరకురసము కాగి పాకమునకు వచ్చు వేడి సుమారు 115 నుండి 120 డిగ్రీలు. అనుభవశాలి పాకమును చూచి దించవలసిన తరుణమును గ్రహించును, క్రొత్తవాడు తొట్రుపడును. థర్మోకపుల్ అను వేడికొలత తీగను ఆర్డుయినో పలకకు తగిలించినచో డిగ్రీలు అంకెలలో కనబడును. ఆ యనుభవశాలి ప్రక్కన కూర్చుండి, ఆయన "ఇప్పుడు" అన్నప్పుడెల్ల అంకెను వ్రాసికొన్న బాలుడు ఒక గానుగకాలములో ఎంత నేర్చుకొనునో యోచింపుడు! ఆ పెద్దమనిషి జ్ఞానము ఆయనతో పోక నిలుచును. ఏటికొప్పాక లక్కబొమ్మలు మనకు సమీపముననే తయారగుచున్నవి. అంకుడు కఱ్ఱ బొమ్మలో నొక చిన్న దీపము నమర్చుట కూడ మన వడ్రంగపు పిల్లలకు తగిన వినోదమే.

అపాయములను గూర్చి దృఢముగా చెప్పవలసియున్నది. ఇంటి గోడలోని విద్యుత్తు 230 వోల్టులు. కొన్ని పదుల మిల్లీ ఆంపియర్లు గుండెగుండ ప్రవహించినను ప్రాణము పోవచ్చును. కావున మొదటి సంవత్సరము బ్యాటరీ పని తప్ప గోడవిద్యుత్తుతో ఏ పనియు కూడదు. ఎల్.ఈ.డి. దీపములను విప్పి బాగుచేయుట నేడు పలువురు చూపుచున్నారు. అందు వరుసగా నున్న చిన్న దీపములలో నొక్కటి మాడినచో అన్నియు నారిపోవు మాట నిజమే. కాని అవి గోడవిద్యుత్తునకు నేరుగ తగిలియుండును గనుక దానిని మేము మొదటి పాఠముగా జెప్పము. మైక్రోవేవు పొయ్యి, పాత గాజుగొట్టపు టెలివిజను, ఇన్వర్టరు అనువానిని తీగ ఊడదీసిన తరువాత కూడ విప్పరాదు; లోని కండెన్సర్లలో విద్యుత్తు నిలిచియుండును. ఉబ్బిన ఫోను బ్యాటరీని గ్రుచ్చరాదు, వంచరాదు, ఇంట నుంచరాదు; అది మండును. బాలుర పని పెద్దల యెదుటనే జరుగవలెను.

"ఇదంతయు వినోదమే గదా, కూడు పెట్టునా?" యని యడుగువారు గలరు. ఈ ప్రశ్న న్యాయమైనదే. ఇది యుద్యోగము నిచ్చునని మేము వాగ్దానము చేయము. కొందరికి ఇది వృత్తి కావచ్చును. పలువురకు వినోదముగనే నిలుచును. అయినను వినోదము ఆపత్కాలమున నెట్లు రక్షయగునో చూడుడు. 1983లో హైదరాబాదున స్థాపితమైన జాతీయ హామ్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాదు గారు 2004 డిసెంబరులో తన బృందముతో అండమాను దీవులకు వెళ్లి, పోర్టు బ్లెయిరునుండి హామ్ రేడియో సంభాషణలు సాగించుచుండిరి. అది కేవలము వినోదకార్యము. ఆ నెల 26వ తేదీన భూకంపము, సునామీ సంభవించి దీవుల సమాచారమార్గములు తెగిపోయెను. అప్పుడా వినోదపు రేడియోయే ప్రధానభూమికిని దీవులకును నడుమ వార్తలను చేరవేసెను. ఆప్తుల క్షేమము తెలియక పరితపించు కుటుంబములకు కబురు లందించెను. ఒక స్త్రీ చేసిన యీ సేవ జ్ఞప్తియందుంచుకొని, ఈ విద్యకు బాలికలను బాలురతో సమానముగా పంపవలెనని ప్రార్థించుచున్నాము. ఇట్లు రేడియోలో మాటలాడుటకు పరీక్షలో నుత్తీర్ణులై కేంద్రప్రభుత్వపు అనుమతి పొందవలెను; అనుమతి లేక ప్రసారయంత్రమును నడపుట నేరము.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్ హుద్ తుఫాను మన తీరమును దాకినప్పుడు విద్యుత్తు పోయి, ఫోనులు మూగవోయిన సంగతి ఈ సభలోని వారికి చెప్పనక్కరలేదు. అట్టి దినములలో పాత బ్యాటరీతో నొక దీపమును వెలిగింపగల, ఒక రేడియోను పలికింపగల పిల్లవాడు వీధికొక డున్నచో నెంత మేలు!

ప్రభుత్వము ఈ విషయమున నిద్రించుటలేదు. 2016లో నారంభమైన అటల్ ఇన్నొవేషన్ మిషను క్రింద 6 నుండి 12వ తరగతి వరకు గల విద్యార్థులకై దేశమున వేలకొలది పాఠశాలలలో అటల్ టింకరింగు ప్రయోగశాల లేర్పడినవి. హైదరాబాదున 2023 మార్చి 2వ తేదీన 78,000 చదరపుటడుగుల టి-వర్క్సు శాల ప్రారంభమైనది. కాని పాఠశాల గంట కొట్టగనే తలుపు మూయబడును; హైదరాబాదు దూరము. సాయంకాలమున తెరచియుండు చిన్న బల్ల యొకటి మన చేరువలో నుండవలెను.

అందువలన ఈ మహాసభకు మా విన్నప మిది. మన సంఘమందిరమున నొక మూలను ఈ పనికి కేటాయింపుడు. ఒక పెద్ద బల్ల, నాలుగు టంకపు కడ్డీలు, నాలుగు మల్టీమీటర్లు, రెండు ఆర్డుయినో పలకలు, భాగముల డబ్బాలు, ఇంతియే సామగ్రి. వడ్రంగులైన మన సోదరులు బల్లను తామే చేసి యీయగలరు. వారమునకు రెండు సాయంకాలములు ఇంజనీరింగు చదువు యువకుడొకడును, వృద్ధ శిల్పి యొకరును అచ్చట కూర్చుండవలెను. ఒకరు ఆంగ్లమున నున్న భాగవివరములను చదివి తెలుగున చెప్పుదురు. ఒకరు చేయి పట్టించెదరు. ఆ బల్ల యొద్దకు ఏ కులపు బాలుడు వచ్చినను చోటీయవలెను. ఊరందరి తాళములు బాగుచేసిన మనకు ఇది క్రొత్త ధర్మము కాదు.

పోషక మహాశయులారా! ప్రతి సంవత్సరమును మీ యుదారత వలన పుష్పహారములకు, శాలువలకు, పందిరికి లోటు లేకున్నది. అందొక స్వల్పభాగమును ఈ బల్లకు మరల్చిన చాలునని వినయపూర్వకముగా మనవి చేయుచున్నాము. వచ్చు వార్షిక సభలో పిల్లలు తమ చేతులతో చేసిన పది వస్తువులను ఈ వేదిక ప్రక్కన ప్రదర్శింపవలెను. వానిలో కొన్ని పనిచేయకపోవచ్చును; అవియు నుండవలసినదే, ఎందువలన పనిచేయలేదో చెప్పగల పిల్లవాడు ప్రక్కన నిలిచియున్నచో.

తీర్మానములు కాగితముల మీద నుండిపోవుట మన కందరకు తెలిసిన విషయమే. దీనికి తీర్మానము కూడ నక్కరలేదు. సభ ముగియగనే ఇంటికేగి, అటక మీది పాత రేడియోను దింపి, బ్యాటరీ తీసివేసి, మరలు విప్పి, లోపల నేమున్నదో మీ పిల్లలతో కలిసి చూడుడు. ఆరంభమున కది చాలును.